కోరాపుట్ ఘాట్లలో పాత ట్రావెలర్: కొత్తగా చేయించిన ఇంజనుతో పర్లాకిమిడి నుంచి సాలూరు వరకు

పాత కాంపర్ వ్యాను (లోపలే వండుకుని పడుకునేలా మార్చిన బండి) ఎక్కడ అమ్మకానికి వచ్చినా కొనేవారి చెవిన మొదట పడేది "ఇంజను కొత్తగా చేయించాం" అన్న మాటే. బోరు చేయించి (సిలిండరు లోపలి గోడను కొద్దిగా కోసి సరిచేయించి), పిస్టన్లు మార్చి, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంకుకు గ్రైండింగ్ చేయించిన ఇంజనును నమ్ముకుని ఇంటిల్లిపాదితో కొండలు దాటవచ్చా అన్నది నాకు చాలాకాలంగా పట్టి ఉన్న ప్రశ్న. దానికి జవాబు బల్లల మీద కూర్చుని వాదించుకుంటే దొరకదు. అందుకే మా ట్రావెలర్ ఇంజను పని పూర్తయిన తరువాత, ఒడిశాలోని గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల మీదుగా నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి రావాలని నిశ్చయించుకున్నాము. బండిలో నేను, మా చిన్నాన్న కొడుకు, ఇంజను చేసిన మేస్త్రీ గారు ఉన్నాము. తాను చేసిన ఇంజను మొదటి ఎక్కుడు ఎక్కేటప్పుడు పక్కన ఉండి తీరాలన్నది ఆయన పెట్టుకున్న నియమం.

మా బండి 1990ల నాటి బజాజ్ టెంపో ట్రావెలర్. మెర్సిడెస్ టీ1 వ్యాను నమూనా మీద ఈ బండిని 1987లో మన దేశంలోకి తెచ్చారు. దీనిలోని ఓఎం616 ఇంజను నాలుగు సిలిండర్ల, 2.4 లీటర్ల డీజిల్ ఇంజను. 1970లలో మెర్సిడెస్ 240డి కార్లలోనూ, ఆ తరువాత జర్మనీ 207డి వ్యాన్లలోనూ ఉన్నది ఇదే. ఆ 207డీలను యూరప్‌లో ఇవాళ్టికీ కాంపర్లుగా వాడుతున్నారు. సిలిండర్లుండే బ్లాకు, దాని మీద మూతలా కూర్చునే హెడ్డు రెండూ పోత ఇనుమే కావడం వల్ల దీన్ని ఒకటికి రెండుసార్లు విప్పి చేయించుకోవచ్చు. మన వైపు కొండ రూట్లలో తిరిగిన ట్రాక్స్ జీపుల్లోనూ ఇదే ఇంజను ఉండేది కాబట్టి దీని మీద చేయి తిరిగిన మేస్త్రీలు రాయగడ, జయపురం, బరంపురం ఊళ్లలో ఇంకా ఉన్నారు. పాత బండి నమ్మకాన్ని తూచేటప్పుడు ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం.

మొదటి రోజు: పర్లాకిమిడి – గుణుపురం

ఉదయం బయలుదేరే ముందు మేస్త్రీ గారు ఒక కాగితం నా చేతిలో పెట్టారు. సిలిండర్లు 0.50 మిల్లీమీటర్ల ఓవర్ సైజుకు బోరు చేసినట్లు, క్రాంకు జర్నళ్లు (బేరింగుల్లో తిరిగే భాగాలు) 0.25 అండర్ సైజుకు గ్రైండ్ చేసినట్లు, డీజిలు చిమ్మే నాజిళ్లు 120 బార్ దగ్గర తెరుచుకునేలా సరిచేసినట్లు, టైమింగ్ చైను కొత్తది వేసి డీజిల్ పంపు టైమింగ్‌ను 24 డిగ్రీలకు కట్టినట్లు అందులో వరసగా రాసి ఉంది. "ఇంజను చేయించాం" అనే మాటకు అర్థం ఇలాంటి కాగితం ఉన్నప్పుడే వస్తుంది. పిస్టన్ రింగులు మార్చి, హెడ్డుకు ఫేసింగ్ చేసి, బయట వెండి రంగు కొట్టిన ఇంజనునూ అదే మాటతో అమ్ముతున్నారు; కొలతలన్నీ తీసి చేసిన ఇంజనునూ అదే మాటతో అమ్ముతున్నారు. రెండింటి ఆయుష్షుకూ పోలికే ఉండదు. కొనబోయేవారు పిస్టన్ సైజు ఎంత, క్రాంకు ఎంత తగ్గించారు, చైను మార్చారా, పంపును పరీక్ష బెంచి మీద చూపించారా అని అడగాలి. వీటికి వెంటనే సమాధానం చెప్పలేని అమ్మకందారు తనకు తెలియని ఇంజనును అమ్ముతున్నట్లే.

చైను సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే చాలామంది దాన్ని వదిలేస్తారు. ఈ ఇంజనులో వాల్వులను తెరిచే క్యామును, డీజిల్ పంపును రెండింటినీ తిప్పేది ఆ చైనే. ఏళ్లు గడిచేకొద్దీ అది సాగితే వాల్వులు తెరుచుకునే సమయం, డీజిల్ పడే సమయం రెండూ వెనక్కి జారుతాయి. పిస్టన్లన్నీ కొత్తవే అయినా బండికి పికప్ ఉండదు, పొగ తగ్గదు. అప్పుడు యజమాని బోరు చేసిన లేతు షాపును తిడతాడు.

కాశీనగరం మీదుగా వంశధార లోయలో సాగే రోడ్డు కొత్త ఇంజనుకు అనువైనది, పెద్ద ఎక్కుళ్లు లేవు. గంటకు 40 నుంచి 60 కిలోమీటర్ల మధ్య వేగాన్ని మార్చుకుంటూ, ఒకే వేగంలో ఎక్కువసేపు బిగబట్టకుండా, పెద్ద గేరులో ఈడ్చకుండా నడిపాము. మన ప్రాంతంలో ఇంజను బిగించిన రాత్రి దాన్ని స్టార్టు చేసి తెల్లవార్లూ స్లోలో వదిలేసే అలవాటు ఉంది. మెత్తగా అరుగుతుందని నమ్మకం. జరిగేది దానికి విరుద్ధం. బోరు గోడ మీద హోనింగ్ (సానరాళ్లతో సన్నగా రుద్దడం) వేసిన అడ్డగీతలే రింగులను గోడకు ఒదిగేలా అరగదీస్తాయి. రింగును గోడకు నొక్కి పట్టేది పేలుడు ఒత్తిడి. స్లోలో ఆ ఒత్తిడి ఉండదు. రింగు పైపైన జారుతుంది, ఆయిలు సన్నగా కాలి గోడకు గాజుపూతలా అంటుకుంటుంది. ఇక ఆ ఇంజను జీవితాంతం ఆయిల్ తాగుతూనే ఉంటుంది. మేస్త్రీ గారు స్టార్టు చేసిన మొదటి అరగంటలోనే బండిని రోడ్డెక్కించారు. ఆయన మీద నాకు గురి కుదిరింది అక్కడే.

గుణుపురం చేరేసరికి మధ్యాహ్నమైంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న రైలు మార్గమే తరువాత ఇక్కడి వరకూ వచ్చింది, ఇప్పుడది బ్రాడ్‌గేజి. రాత్రి బండిలోనే వంట చేసుకుని పడుకున్నాము.

రెండో రోజు: గుణుపురం – రాయగడ

ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడే డిప్‌స్టిక్ చూశాము. ఆయిల్ మట్టం వెంట్రుకవాసి తగ్గింది. రింగులు కుదురుకునే వరకు కొంత ఆయిల్ ఖర్చవడం సహజమే. ఆ ఖర్చు రోజురోజుకూ తగ్గుతోందా, పెరుగుతోందా అన్నదే చూడవలసింది. అందుకే ఏ పూటకాపూట మట్టాన్ని ఒక పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాము.

ప్రయాణం చిన్నదే. రాయగడలో మజ్జి గౌరమ్మ గుడి ముందు కొబ్బరికాయ కొట్టి, మధ్యాహ్నం మేస్త్రీ గారి షెడ్డుకు వెళ్లాము. ఇంజను పూర్తిగా చల్లారాక వాల్వు కవరు విప్పి హెడ్డు బోల్టులను వరుస ప్రకారం మరోసారి టార్క్ రెంచితో చూశారు. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే పాత తరహా గాస్కెట్ కొద్ది వందల కిలోమీటర్లు తిరిగాక కొంచెం అణుగుతుంది కనుక ఈ పని తప్పనిసరి. తరువాత టాపెట్లు, అంటే క్యాముకూ వాల్వును నొక్కే మీటకూ మధ్య ఉండే సందు. ఈ ఇంజనులో చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ వాల్వుకు 0.10, ఎగ్జాస్టు వాల్వుకు 0.30 మిల్లీమీటర్లు సందు ఉండాలి. వంపు తిరిగిన 14 నంబరు స్పానర్లు రెండు పట్టుకుని, ఫీలర్ గేజి రేకును సందులోకి జొనిపి, "ఇలా లాగి చూడండి బాబూ, పట్టీ పట్టనట్టు రావాలి" అంటూ రేకును నా వేళ్లకు అందించారు. నూనె తడిసిన ఆ పల్చటి రేకు క్యాము అంచు కింద నుంచి కాస్త మొరాయిస్తూ బయటికి వచ్చింది. మూడో సిలిండరు ఎగ్జాస్టు దగ్గర మాత్రం అది కదలనే లేదు. అక్కడ సందు 0.20కి తగ్గిపోయింది. కొత్తగా నూరిన వాల్వు తన సీటులో మరికొంత కూర్చుంటే సందు తగ్గుతుంది. అలాగే వదిలేస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, సీటుకు తన వేడిని అప్పగించే అవకాశం దొరకక అంచు కాలిపోతుంది. కొత్త ఇంజను కొద్ది నెలల్లోనే "వాల్వు కొట్టేసింది" అని వినే కథల్లో చాలావాటి వెనుక ఉన్నది ఈ పదోవంతు మిల్లీమీటరే. దాన్ని సరిచేయడానికి పట్టిన సమయం పావుగంట.

మూడో రోజు: రాయగడ – లక్ష్మీపూర్ – కోరాపుట్

ఈ చుట్టులో అసలు పరీక్ష ఈ రోజే. 326వ నంబరు జాతీయ రహదారి రాయగడ నుంచి కొండల్లోకి ఎక్కుతూ లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ చేరుతుంది. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. గాలిని ఒత్తి పంపే టర్బో లేని ఇంజను ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ దాదాపు ఒక శాతం శక్తిని కోల్పోతుంది. అంత ఎత్తులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత తన స్ప్రింగుతో ఒత్తిడిని నిలబెట్టి ఆ మరుగు స్థానాన్ని పైకి లాగుతుంది కనుక కొండ ఎక్కే పాత బండికి మూతలోని చిన్న రబ్బరు వాషరు కూడా ఇంజనులో భాగమే. పైగా కాంపరుగా మార్చిన బండిలో మంచాలు, నీళ్ల ట్యాంకు, రెండో బ్యాటరీ, గ్యాసు సిలిండరు అన్నీ కలిసి ఎప్పుడూ నిండు లోడుతో ఉన్నట్లే. సరుకు దించిన వ్యానుకు వెనక్కి వచ్చేటప్పుడైనా విశ్రాంతి ఉంటుంది. కాంపరుకు అదీ లేదు.

మా బండి మూడో గేరులో, అవసరమైన చోట రెండో గేరులో, ఉష్ణోగ్రత ముల్లు 85 దగ్గర నిలకడగా ఉండగా ఎక్కింది. ఎక్కుడు మధ్యలో ఆపి, ఇంజను నడుస్తుండగానే ఆయిల్ మూత తీసి చూశాము. సన్నని ఆవిరి తప్ప బ్యాక్ కంప్రెషన్ (రింగులను దాటి కిందికి తన్నే పొగ) లేదు.

లక్ష్మీపూర్ దాటిన తరువాత ఒక మలుపులో తెల్లటి ఆవిరి కక్కుతూ మరో ట్రావెలర్ నిలబడి ఉంది. బరంపురం తెలుగు కుటుంబం. ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన, ఆయన భార్య, మనవరాలు. బండిని చక్కటి కాంపరుగా తీర్చిదిద్దుకున్నారు. పెద్దాయన ముఖంలో అలసట కంటే విరక్తి ఎక్కువగా కనిపించింది. రెండేళ్ల లోపే ఇంజను రెండుసార్లు చేయించారట. రెండుసార్లూ కొండ ఎక్కగానే మరిగింది. మొదటిసారి హెడ్డు గాస్కెట్ పోయింది, పిస్టన్ గీసుకుపోయింది. ఇప్పుడు మూడోసారి విప్పి చేస్తామని ఊళ్లో ఒక గ్యారేజీ వారు బయానా కూడా పుచ్చుకున్నారు.

"పాత ఇంజనులింతే బాబూ, ఎంత పోసినా నిలవవు," అన్నారాయన.

మేస్త్రీ గారు వెంటనే ఏమీ అనలేదు. ఇంజనును గంటసేపు చల్లారనిచ్చారు. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దని మనవరాలికి కూడా చెప్పారు. తరువాత తడిగుడ్డ వేసి మూత తీసి, నీళ్లు నింపి, మూత లేకుండానే స్టార్టు చేసి నీటి మట్టం వైపు చూస్తూ నిలబడ్డారు. గాస్కెట్ పోయినా, హెడ్డు పగిలినా అక్కడ బుడగలు ఆగకుండా వస్తాయి. రాలేదు. ఇంజను వేడెక్కుతుండగా అరచేతిని రేడియేటర్ మీద మెల్లగా కదిపారు. పైభాగం చేయి పెట్టలేనంత వేడిగా ఉంది. కింది మూల మాత్రం రోడ్డు పక్క రాయంత చల్లగా ఉంది. నన్ను కూడా పెట్టి చూడమన్నారు. ఒకే లోహపు పలక మీద జానెడు దూరంలో ఆ తేడా చేతికి తగిలింది.

ఇంజను ఆపి థర్మోస్టాట్ (నీళ్ల వేడిని బట్టి తెరుచుకునే వాల్వు) ఉండే మూత విప్పారు. లోపల ఖాళీ. "వాల్వు ఎవరు తీసీసారండి?" అని అడిగితే, మొదటిసారి మరిగినప్పుడే ఒకరు "ఇది నీళ్లకు అడ్డు" అని తీసి పారేశారని పెద్దాయన చెప్పారు.

ఈ పద్ధతి మన దగ్గర ఊరూరా ఉంది, దీనివల్ల పాడైన ఇంజనులకు లెక్క లేదు, కనుక కొంచెం వివరంగా చెప్పాలి. ఈ ఇంజనులో నీళ్లకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి రేడియేటర్ గుండా వెళ్లేది, రెండోది రేడియేటర్‌ను తప్పించి తిన్నగా పంపులోకి తిరిగి వచ్చే అడ్డదారి. థర్మోస్టాట్ సుమారు 80 డిగ్రీల దగ్గర తెరుచుకుంటూ రేడియేటర్ దారిని తెరుస్తుంది. అదే కదలికతో తన అడుగున ఉన్న చిన్న పళ్లెంతో అడ్డదారిని మూసేస్తుంది. దాన్ని తీసేస్తే అడ్డదారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. నీళ్లలో చాలా భాగం చల్లబడకుండానే మళ్లీ ఇంజనులోకి వెళుతుంది. మైదానంలో ఆ లోపం కనిపించదు. ఎక్కుడులో, పూర్తి యాక్సిలరేటర్ మీద, నడివేసవిలో కనిపిస్తుంది. శీతాకాలపు తెల్లవారుజామున దీనికి ఎదురు నష్టం జరుగుతుంది. ఇంజను వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఆ చల్లటి గోడల మీద కాలని డీజిలు ఆయిల్ పొరను కడిగేస్తుంది, బోరు అరుగుతుంది. చల్లదనం కోసం తీసేసిన భాగం వేడికీ చలికీ రెండింటికీ ఇంజనును బలి పెడుతుంది.

"ఇంజనుకి రోగం లేదు బాబుగారూ. నీళ్లకి దారి లేదు," అన్నారు మేస్త్రీ గారు. రేడియేటర్ గొట్టాల్లో సగం మూసుకుపోయాయి, దానికి తోడు థర్మోస్టాట్ లేదు. ఈ రెండూ అలాగే ఉండగా రెండుసార్లు కొత్త పిస్టన్లు వేశారు.

ఎండ దిగాక, క్యాబిన్ హీటరు పూర్తిగా తిప్పి, ఎక్కుళ్లలో ఆగి ఆగి వారి బండిని మా వెనకే కోరాపుట్ తీసుకువచ్చాము. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే కనుక ఇలాంటి సమయంలో అది కొన్ని డిగ్రీలు కలిసొస్తుంది. జగన్నాథస్వామి శబర శ్రీక్షేత్రం కొండ కింద రెండు బండ్లూ పక్కపక్కన ఆపి రాత్రి భోజనం కలిసి చేశాము.

భోజనాల దగ్గర తెలిసింది, పెద్దాయనకు కాంపరు మీద మోజు జర్మనీలో కూతురి దగ్గర కలిగిందని. అల్లుడి దగ్గర పాత ఫోక్స్‌వాగన్ టైప్ 2 వ్యాను ఉంది. నీళ్లతో పని లేకుండా గాలితో చల్లబడే 1600 సీసీ ఇంజను. దాన్ని కూడా కొత్తగా చేయించాకే రెండో వేసవిలో పోగొట్టుకున్నారట. ఆ వ్యాన్ల చరిత్ర తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. ఇంజను చుట్టూ రేకులు, ఆ రేకులకూ బాడీకీ మధ్య రబ్బరు పట్టీ ఉంటాయి; కింది వేడిగాలి పైకి ఎక్కి ఫ్యానులోకి తిరిగి పోకుండా ఆపేవి అవే. ఇంజను దించి ఎక్కించేటప్పుడు రబ్బరు చినిగినా, రేకు ఒకటి వదిలేసినా ఇంజను తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. పాత నమూనాల్లో ఆయిల్ కూలరు ఫ్యాను పెట్టెలో మూడో సిలిండరుకు వచ్చే గాలికి అడ్డంగా ఉండటం వల్ల ఆ సిలిండరు ఎగ్జాస్టు వాల్వు ముందుగా పోయేది. దానిలో కూడా థర్మోస్టాట్, గాలి రెక్కలు ఉంటాయి. వాటిని కూడా అక్కడివారు అక్కరలేదని తీసి పారేస్తుంటారు. దేశం వేరు, ఇంజను వేరు, ఒకదానికి నీళ్లు, మరొకదానికి గాలి. నేరం మాత్రం రెండు చోట్లా కొత్త పిస్టన్ల మీదే మోపారు.

నాలుగో రోజు: కోరాపుట్ – జయపురం – కోరాపుట్

ఉదయం చల్లటి వేళ రెండు బండ్లతో జయపురం ఘాటు దిగాము. జయపురం బజారులో తెలుగు వినపడని వీధి లేదు. స్పేరు పార్టుల షాపులోనూ, రేడియేటర్ షాపులోనూ మాటలన్నీ తెలుగులోనే సాగాయి. రేడియేటర్ పైట్యాంకు, కింది ట్యాంకు టంకం కరిగించి విప్పితే ఇత్తడి గొట్టాల వరుసలో సగానికి పైగా సున్నంలాంటి తెల్లటి పెచ్చులతో పూడిపోయి కనిపించాయి. బోరు నీళ్లు పోస్తూ వచ్చిన ఫలితం అది. ఒక్కొక్క గొట్టంలో పలుచని ఊచను ఆడించి, కడిగి, మళ్లీ అతికి, గాలి ఒత్తిడితో నీళ్ల తొట్టిలో ముంచి చూశారు. ఇకపై కూలెంటు, కాచి చల్లార్చిన నీళ్లో బ్యాటరీ నీళ్లో తప్ప మరేదీ పోయవద్దని షాపాయన మరీ మరీ చెప్పాడు.

కొత్త థర్మోస్టాట్‌ను మేస్త్రీ గారు పెట్టెలోంచి తీసి నేరుగా బిగించలేదు. పెద్దాయన కాంపరులోని గ్యాసు పొయ్యి మీద గిన్నెలో నీళ్లు పెట్టి, దారంతో థర్మోస్టాట్‌ను అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటరు ఉంచారు. మనవరాలు అంకెలు చదువుతూ ఉంది. 79 దాటగానే ఇత్తడి పళ్లెం అంచున సన్నటి నల్లటి గీత కనిపించింది. నీళ్లు సలసలలాడే సమయానికి అది చిటికెన వేలు దూరేంత తెరుచుకుంది. పొయ్యి ఆర్పాక తిరిగి పూర్తిగా మూసుకుంది. కొత్త పెట్టెలోంచి వచ్చినవన్నీ పనిచేస్తాయని అనుకోకూడదు, నకిలీలు చాలా ఉన్నాయి. ఈ పరీక్షకు ఖర్చయ్యేది గిన్నెడు నీళ్లే.

బిగించడానికి ముందే నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కూడా చూశారు. ఈ ఇంజనుకు సిలిండర్ల మధ్య 3 బార్ కంటే ఎక్కువ తేడా ఉండకూడదని లెక్క. వారి ఇంజనులో తేడా అందులో సగం కూడా లేదు. అంటే, రెండోసారి చేసిన పని గట్టిదే. ఆ పని చేసినవారిని కూడా పెద్దాయన ఇన్నాళ్లూ తిట్టుకుంటున్నారు, ఆ మాట ఆయనే చెప్పి బాధపడ్డారు. ఆ మేస్త్రీ బోరును సరిగ్గా కొలిచాడు, రింగులు సరిగ్గా వేశాడు, కానీ తన చేతికి వచ్చిన ఇంజను ఎందుకు చచ్చిందో అడగలేదు. చచ్చిన కారణం తెలుసుకోకుండా ఇంజను చేయడం మన వర్క్‌షాపుల్లో ఉన్న అతి పెద్ద లోపమని నేను నమ్ముతున్నాను. యజమానులు కూడా ఇంజను మీద పెట్టే డబ్బులో పదోవంతు రేడియేటర్ మీద, గొట్టాల మీద, నీళ్ల పంపు మీద, ఫ్యాను బెల్టు మీద పెట్టడానికి ఒప్పుకోరు.

మధ్యాహ్నం తిరిగి ఘాటు ఎక్కాము. జయపురం నుంచి కోరాపుట్ వరకు ఇరవై రెండు కిలోమీటర్ల దారిలో రెండు వందల మీటర్లకు పైగా ఎత్తు పెరుగుతుంది. ఎండ మాడుస్తున్న సమయాన్నే మేస్త్రీ గారు కావాలని ఎంచుకున్నారు. ఆయన పెద్దాయన పక్క సీటులో కూర్చున్నారు, నేను వెనుక మా బండిలో వస్తున్నాను. దారిలో ఎక్కడా వారి బండి ఆగలేదు. పైకి చేరాక అడిగితే ముల్లు 90 దాటలేదని చెప్పారు.

ఐదో రోజు: కోరాపుట్ – సునాబేడ – సుంకి – సాలూరు

బరంపురం వారు రాయగడ వైపు, మేము సాలూరు వైపు బయలుదేరాము. సునాబేడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇంజను కర్మాగారం మీదుగా రోడ్డు సాగుతుంది. 1960లలో మిగ్-21 ఇంజనుల కోసం సోవియట్ సహకారంతో మొదలైన ఈ చోట ఇప్పుడు సుఖోయ్-30 ఇంజనులు తయారవుతున్నాయి, పాతవి ఓవర్‌హాల్ అవుతున్నాయి. విమానం ఇంజనును అది చెడిపోయే దాకా వాడరు. ఇన్ని గంటలు ఎగిరిందంటే విప్పి, ప్రతి భాగాన్నీ కొలిచి, తిరిగి కట్టి, పరీక్ష బల్ల మీద నడిపి, కాగితాలతో సహా అప్పగిస్తారు. మళ్లీ చేసిన ఇంజను తక్కువరకం అన్న అభిప్రాయం ఆ రంగంలో ఎవరికీ లేదు. దాని నమ్మకమంతా కొలతల్లోనూ, రికార్డులోనూ ఉంటుంది. మా పిస్టన్ల కాగితం, ఆయిల్ పుస్తకం దాని ముందు చాలా చిన్నవి. కానీ పద్ధతి అదే.

సెమిలిగుడలో టీ తాగి, దేవమాలి వరుసను ఎడంగా చూస్తూ పొట్టంగి దాటి సుంకి ఘాటు దిగాము. దిగుడు కూడా ఇంజనుకు పరీక్షే. రెండో గేరులో, బ్రేకు మీద ఆధారపడకుండా చాలాసేపు దిగి, కింద మళ్లీ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు వెనుక నీలి పొగ లేస్తే వాల్వు కాడలు ఆడే గైడ్ల గుండానో, రింగుల గుండానో ఆయిల్ దిగుతున్నట్లు. మా తమ్ముడు వెనుక అద్దం దగ్గర కూర్చుని కనిపెట్టాడు. మొదటి మలుపు దగ్గర పలుచగా ఒక్కసారి కనిపించి మాయమైంది, ఆ తరువాత రాలేదు. నల్ల పొగ మాత్రం ఎగువన కొంత ఉండి, దిగేకొద్దీ తగ్గింది. అది పల్చటి గాలి వల్ల.

సాలూరు లారీలకు పేరున్న ఊరు, ఆయిల్ మార్చడానికి చోటు వెతకనక్కరలేదు. కొత్త ఇంజనుకు మొదటి ఆయిల్ 500 కిలోమీటర్ల దగ్గరే మార్చాలని మేస్త్రీ గారి పట్టు. కారిన ఆయిలును తెల్లటి ట్రేలో పట్టి, ఫిల్టరు కాగితాన్ని బ్లేడుతో కోసి మడతలు విప్పి ఎండలో పరిచారు. మడతల్లో అక్కడక్కడ వెండి ధూళి మెరిసింది, అది రింగులు కుదురుకున్న గుర్తు. గోటికి తగిలే ముక్క గానీ, బేరింగు లోహపు రాగిరంగు రేకు గానీ ఎక్కడా లేదు. క్రాంకు గ్రైండింగ్ తరువాత దాని నూనె దారులను సరిగ్గా కడగకపోతే మొదట బయటపడేది ఈ ఫిల్టరులోనే. ఆయిల్ పుస్తకం ప్రకారం ఖర్చు మొదటి రెండు రోజుల్లో కనిపించింది, మూడో రోజు తగ్గింది, చివరి రోజు మట్టం కదలలేదు. తదుపరి టాపెట్ల తనిఖీ 1,500 కిలోమీటర్ల దగ్గర అని పుస్తకంలో రాసి మేస్త్రీ గారు సాయంత్రం రాయగడ బస్సు ఎక్కారు.

రాత్రి బరంపురం పెద్దాయన ఫోను చేశారు. రాయగడ చేరారట. లక్ష్మీపూర్ దగ్గరి ఎక్కుళ్లలో కూడా ముల్లు 90 దాటలేదట. గ్యారేజీకి ఫోను చేసి ఇంజను విప్పించడం లేదని చెప్పేశానని, బయానా తిరిగి ఇవ్వకపోయినా పరవాలేదని, ఆ డబ్బుతో కొత్త నీళ్ల పంపు, అన్ని గొట్టాలు మార్పిస్తానని అన్నారు. నీళ్ల పంపుతో పాటు రేడియేటర్ మూత కూడా మార్పించమని చెప్పాను.